ఒంటికాలి మీద ఇరవై సెకన్లు



ఈ టపా రాయాలని దసరా నాటి నుంచీ అనుకుంటున్నాను. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఇది ఆటల మీద వ్యాసమా, మా ఇంటి ముచ్చటా అన్నది తేలక లేచిపోతూ వచ్చాను. ఆటల మీద రాసే అధికారం నాకు లేదు. తొమ్మిదో తరగతి తరువాత కబడ్డీ బరిలో కాలు పెట్టినవాణ్ణి కాను. వైద్యం మీద రాసే అధికారం అంతకన్నా లేదు. అయితే మూడు నెలలపాటు ఒక పదమూడేళ్ల పిల్ల ఒంటికాలి మీద నిలబడుతుంటే పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెట్టిన అనుభవం మాత్రం ఉంది. ఆ లెక్కలో నాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది. కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

మాది మెదక్. మెతుకు దుర్గం ఖిల్లా ఒకవైపు, చర్చి గోపురం ఒకవైపు, నడుమ మా ఊరు. కొలువు కోసం నేను హైదరాబాదు చేరి చాలా కాలమైంది. అమ్మ, చెల్లె, బావ, వాళ్ల అమ్మాయి మా పాత ఇంట్లోనే ఉంటున్నారు. ఆ అమ్మాయి, అంటే నా మేనకోడలు, ఎనిమిదో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా బడి కబడ్డీ జట్టులో రైడర్. కూతకు వెళ్లిందంటే పాదరసమే. గీత దాటి చేయి తాకించి తిరిగి రావడం చూస్తే, అవతలి జట్టు పిల్లలు ఇంకా ఎవరు అవుటయ్యారో వెదుక్కుంటూ ఉండేవారు.

పోయిన దసరాకు ఇంటికి వెళ్లాను. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం. తంగేడు, గునుగు, బంతి వరుసలతో చెల్లె మోకాలెత్తు బతుకమ్మను పేర్చింది. తాంబాలం నెత్తిన పెట్టుకుని చెరువు దాకా తీసుకుపోతానని మేనకోడలు పట్టుబట్టింది. నిరుడు కూడా తనే మోసింది. వీధి మలుపు తిరిగామో లేదో, రాయి లేదు, గుంత లేదు, చదును సిమెంటు బాట మీద పిల్ల ఎడమకాలు పక్కకు వాలింది. తాంబాలం జారింది. పూలు బాటంతా పరుచుకున్నాయి. ఎవరో పెద్దామె "అయ్యో, బతుకమ్మను పడేసిందా" అన్నది. ఆ ఒక్క మాట చాలు కదా. చెల్లె ఏమీ అనకుండా పూలు ఏరి, చేతనైనంత మళ్లీ పేర్చి, తనే నెత్తికెత్తుకుని నడిచింది. పిల్ల వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది.

రాత్రి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నోరు విప్పింది.

"నన్ను టీంల నుంచి తీసేసిన్రు మామా. మీకెవ్వరికీ చెప్పలే."

"ఎందుకు?"

"రైడుకు పోతె పడిపోతున్న. ఊకె పడుతున్న. మనసు పెడ్తలేవు అన్నడు సార్. మనసు పెడుతున్న మామా. నా కాళ్లు నావి కానట్టనిపిస్తున్నయ్."

ఇంకాసేపు ఆగి అన్నది: "మంచిగ ఆడక తీసేస్తె బాధ లేదు. కావాలనే చేస్తున్న అంటున్రు."

ఆ చివరి మాట నన్ను ముప్పైయైదేళ్లు వెనక్కి తోసింది. తొమ్మిదో తరగతిలో నేనూ కబడ్డీ ఆడేవాణ్ణి. ఒకనాడు ఎగిరి దూకి ఇంకొకడి పాదం మీద దిగాను. చీలమండ లోపలికి మడతపడింది. అమ్మ చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసింది. పది రోజులకు వాపు తీసింది, నేను బరిలోకి దిగాను. నెల తిరగకముందే అదే కాలు అదే చోట మళ్లీ మడతపడింది. ఆ ఏడాదిలో మూడుసార్లు. "నీది కాలు కాదురా, తిరుగలి పిడి" అని జట్టులో నవ్వులాటయింది. పనికిరాని కాలు పుట్టుకతోనే వచ్చిందని నేనూ నమ్మి ఆట మానేశాను. ఇప్పటికీ దుక్కి దున్నిన చేనులో కిందికి చూడకుండా నడవలేను.

మర్నాడు పొద్దున ఇంకొకటి కనిపించింది. మా వంటింటి దర్వాజాకు బావ ప్రతి ఉగాదికీ, ప్రతి దసరాకూ పెన్సిలు గీత గీసి పిల్ల ఎత్తు గుర్తుపెడతాడు. నిరుటి దసరా గీతకూ ఈ దసరా గీతకూ నడుమ టేపు పెట్టి చూశాను. తొమ్మిది సెంటీమీటర్లు. అమ్మ వంటింట్లోంచే అన్నది: "దిష్టి తగిలిందిరా పిల్లకు. ఏడాదిల జానెడు పెరిగె. చూసినోళ్ల కండ్లన్నీ దాని మీదనే." జానెడు కాదు గాని, అమ్మ చెప్పినదాంట్లో సగం నిజమని తరువాత తెలిసింది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, కారణం ఆ పెరుగుదలలోనే ఉంది.

హైదరాబాదులో నాకు తెలిసిన ఒక ఫిజియోథెరపిస్టు ఉన్నారు. పిల్లను ఆమె దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె మొదట అడిగినది ఎత్తు గురించి కాదు, దెబ్బ గురించి. అప్పుడు బయటపడింది, ఆగస్టులో ఎడమ చీలమండ మడతపడిందనీ, పది రోజులు కుంటి, పదకొండో రోజున మళ్లీ ఆడిందనీ. నా కథే అక్షరం పొల్లుపోకుండా! ఆమె ముందు ఎక్స్‌రే తీయించమన్నారు. ఎదిగే పిల్లల ఎముకల చివర ఇంకా గట్టిపడని మెత్తని పొర ఉంటుంది, ఎముక పొడుగయ్యేది అక్కడే. పెద్దవాళ్లలో నరం బెణికే దెబ్బకు పిల్లల్లో ఒక్కోసారి ఆ పొర చిట్లుతుందట. "బెణికిందే కదా" అని పిల్లల విషయంలో వదిలేయకూడదని గట్టిగా చెప్పారు. అదృష్టవశాత్తూ ఎముకకు ఏమీ కాలేదు.

ఆ తరువాత ఆమె చెప్పినది, నేను ఇంటికి వచ్చి చదువుకున్నది కలిపి నా మాటల్లో చెబుతాను.

నిలబడడమంటే కదలకుండా ఉండడమని అనుకుంటాం. అది నిజం కాదు. మనిషి నిటారుగా నిలబడినప్పుడు కూడా ముందుకూ వెనక్కూ, పక్కలకూ సన్నగా ఊగుతూనే ఉంటాడు. శరీరం బరువంతా బొడ్డుకు కొంచెం కింద ఒక బిందువులో కుదురుకున్నదనుకుంటే, ఆ బిందువు మన పాదాల జాగా దాటి పోకుండా క్షణక్షణం వెనక్కి లాగుతూ ఉండడమే నిలబడడం. మా చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. దాన్ని మోసే కట్టడం వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. పది సంవత్సరాలు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు, నూరేళ్లు దాటినా నిబ్బరంగా ఉంది. మనిషికి ఆ వెసులుబాటు లేదు. అయిదడుగుల ఒళ్లును జానెడు జాగా మీద నిలపాలి. కబడ్డీలో ఒంటికాలి మీద నిలిచినప్పుడైతే బెత్తెడు జాగా మీద.

ఈ పని చేయడానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబుర్లు అందుతాయి. కళ్లు చుట్టూ ఉన్నదాన్ని చూసి చెబుతాయి. లోపలి చెవిలో మూడేసి వంపు గొట్టాలు, రెండేసి చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగిందో గొట్టాలు, ఎటు వాలిందో సంచులు చెబుతాయి. మూడోది కండరాల్లో, కీళ్లలో, అరికాలి చర్మంలో ఉండే ఎరుక. కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో మనకు తెలుస్తుంది కదా, అది. శాస్త్రజ్ఞులు దాన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు, నేను ఒంటి ఎరుక అంటాను. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రాంబెర్గ్ ఒక సంగతి గమనించాడు. వెన్నుపాము జబ్బుతో ఈ ఎరుక దెబ్బతిన్న రోగులు కళ్లు తెరిచి ఉన్నంతసేపూ నిలబడగలరు, మూసుకోగానే తూలిపడతారు. కన్ను అంతవరకూ అప్పు ఇస్తూ వచ్చిందన్నమాట. పాదాలు దగ్గరికి చేర్చి కళ్లు మూయించి చూసే ఆ పరీక్షను వైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇక ఎదిగే వయసు సంగతి. ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో అన్నిటికన్నా వేగంగా పొడుగవుతారు. ఆ ఉధృతి ఉన్న ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు పెరగడం మామూలే. ముందు పాదాలు, తరువాత కాళ్లు, ఆ తరువాతే మొండెం పెరుగుతుంది. ఎముక ముందు నడిస్తే కండబలం వెనక వస్తుంది. బరువు పైకి పోతుంది, దాన్ని అదుపు చేయవలసిన చీలమండ నిరుటి బలంతోనే ఉంటుంది. మెదడులో ఉన్న కొలతలు కూడా నిరుటివే. గీత దాకా కాలు చాపమని అది పంపే ఆజ్ఞ పొట్టి కాలికి రాసినది, అందుకునేది పొడుగు కాలు. ఇది అందరు పిల్లల్లోనూ ఒకేలా ఉండదు. కొందరిలో ఏ తేడా కనిపించదు, కొందరిలో కొన్నాళ్లు ఎదుగుదల ఆగినట్టుంటుంది, కొందరు బాగా తడబడతారు. "నా కాళ్లు నావి కానట్టనిపిస్తున్నయ్" అన్న పిల్ల మాట కవిత్వం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన నివేదిక.

దాని మీద చీలమండ దెబ్బ ఒకటి. లండన్‌లో ఫ్రీమన్ అనే ఎముకల వైద్యుడు 1965లో ఒక విషయం రాశాడు. చీలమండ మడతపడినప్పుడు పట్టీలాంటి బంధనం మాత్రమే కాదు, అందులో ఉండి కబుర్లు పంపే నాడులు కూడా దెబ్బతింటాయని ఆయన ఊహ. వాపు తీస్తుంది, నొప్పి పోతుంది, కబురు మాత్రం ఆలస్యంగా వస్తుంది. పాదం పక్కకు వాలుతోందని మెదడుకు తెలిసేసరికి పాదం వాలిపోయి ఉంటుంది. అందుకే ఆయన తన రోగుల చేత ఊగే చెక్క మీద నిలబడే అభ్యాసం చేయించాడు. ఇన్నేళ్ల పరిశోధనలో ఆయన ఊహకు సవరణలు జరిగాయి గాని, ఒక్క సంగతి మాత్రం మళ్లీ మళ్లీ రుజువైంది: ఒకసారి మడతపడిన చీలమండ మళ్లీ మడతపడే అవకాశం ఎక్కువ. ఆమె ఇది చెబుతుంటే నేను నా కాలి వైపు చూసుకుంటూ కూర్చున్నాను. అప్పటిదాకా పుట్టుకతో వచ్చిందనుకున్నది పట్టు విప్పిన పదకొండో రోజున నేను చేజేతులా తెచ్చుకున్నదట.

ఆమె మాకు రెండు పరీక్షలు నేర్పి పంపారు. వాటికి యంత్రాలు అక్కరలేదు.

మొదటిది అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో రూపొందించినది. నడుము మీద చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుని మూడు తీరుల్లో నిలబడాలి. రెండు పాదాలు కలిపి ఒకసారి, ఒంటికాలి మీద ఒకసారి, ఒక పాదం వెనక ఇంకొకటి బారుగా పెట్టి ఒకసారి. ఒక్కొక్కటి ఇరవై సెకన్లు. గట్టి నేల మీద మూడు, మెత్తటి పరుపు లాంటి దాని మీద మూడు. చేయి తీసినా, కన్ను తెరిచినా, కాలు కింద పెట్టినా ఒక తప్పు. ఒక్కో నిలువుకు పది తప్పులకు మించి లెక్కపెట్టరు. మెత్తటి నేల కోసం అమ్మ బొంతను నాలుగు మడతలు పెట్టి వేశాం. "నా బొంత మీద ఈ కొంగజపమేంది" అని అమ్మ గొణుగుడు. అసలు పరీక్షకు లెక్కగా చేసిన స్పాంజి దిండు వాడతారు కనుక మా బొంత లెక్కలు మా ఇంటికే చెల్లుతాయి. బొంత మీద ఎడమకాలి నిలువులో పిల్ల పది తప్పులూ పూర్తిచేసింది. ఇరవై సెకన్లలో సగమైనా గడవలేదు.

రెండోది గీతల పరీక్ష. నేల మీద ముందుకు ఒక గీత, వెనక రెండు మూలలకు రెండు గీతలు. నడుమ ఒంటికాలి మీద నిలిచి, రెండో కాలిని ఒక్కో గీత వెంట ఎంత దూరం చాపగలరో చూడాలి. చాపిన కాలి మీద బరువు మోపకూడదు, నిలిచిన మడమ లేవకూడదు. చెల్లె ముగ్గుపిండితోనే గీతలు వేసింది. కుడికాలి మీద నిలిచినప్పటికన్నా ఎడమకాలి మీద నిలిచినప్పుడు ముందు గీత మీద పిల్ల చాపు ఆరు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. అమెరికాలో 235 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లలను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు గీతలో రెండు కాళ్ల మధ్య నాలుగు సెంటీమీటర్లు దాటి తేడా ఉన్నవారికి కాలి గాయాలయ్యే అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. తరువాత వచ్చిన అధ్యయనాలన్నీ అదే మాట చెప్పలేదు, ఆటను బట్టి, వయసును బట్టి లెక్క మారింది. కనుక దాన్ని జాతకంలా చదవకూడదు. మాకు మాత్రం ఆ ఆరు సెంటీమీటర్లు వేరే విధంగా పనికివచ్చాయి. పిల్ల ఆ టేపు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "అంటే కావాలని చేస్తలేను కదా మామా" అన్నది.

కబడ్డీలో బోనస్ పాయింటు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎదుటి జట్టులో ఆరుగురో ఏడుగురో బరిలో ఉన్నప్పుడు, రైడర్ ఒక పాదాన్ని బోనస్ గీత దాటించి ఆనించాలి. అదే క్షణంలో వెనక పాదం గాలిలో ఉండాలి. ఏ కాలు మీద నిలిచి ఏ కాలు చాపినా, చుట్టూ పట్టుకోవడానికి కాచుకుని ఉన్న పిల్లల నడుమ, ముప్పై సెకన్లలో, కూత తెగకుండా ఇది జరగాలి. ముగ్గుపిండి గీతల మీద మేం ఇంట్లో చేసినది సరిగ్గా ఆ పనే. మా పిల్ల పడుతూ వచ్చినది కూడా సరిగ్గా అక్కడే.

అభ్యాసం మొదలైంది. నేల మీద ఒంటికాలి నిలువు, తరువాత కళ్లు మూసుకుని, తరువాత బొంత మీద, తరువాత ఒంటికాలి మీద నిలిచి బంతి పట్టుకోవడం, చివరికి ఎగిరి ఒంటికాలి మీద దిగి కదలకుండా ఆగడం. రోజుకు పది నిమిషాలు, వారానికి అయిదు రోజులు. ఇలాంటి అభ్యాసం వృథా పోదనడానికి ఆధారాలు ఉన్నాయి. అమెరికాలో 765 మంది హైస్కూలు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పిల్లలతో జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, సమతుల్య అభ్యాసం చేసినవారిలో చీలమండ బెణుకులు 38 శాతం తగ్గాయి. అంతకు ముందు ఏడాది నార్వేలో 15 నుంచి 17 ఏళ్ల వయసున్న 1837 మంది హ్యాండ్‌బాల్ పిల్లలకు ఆటకు ముందు ఇలాంటి వ్యాయామాలు చేయిస్తే మోకాలి, చీలమండ గాయాలు దాదాపు సగమయ్యాయి.

ఇన్ని చెప్పినా పిల్లకు మొదటి వారంలోనే విసుగొచ్చింది. గోడ వైపు చూస్తూ కొంగలా నిలబడడం ఏ పిల్లకు నచ్చుతుంది? ఆదివారాలు నేను బస్సులో వెళ్లి వస్తున్నాను. మూడో ఆదివారం వెళ్లేసరికి అభ్యాసం మానేసి మూతి ముడుచుకుని ఉంది. అప్పుడు దారి చూపింది ఆమెను ఎగతాళి చేస్తూ వచ్చిన మా అమ్మే. "గోడను చూసుకుంట నిలబడుడెందుకే? తొక్కుడుబిళ్ల ఆడరాదా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఒంటికాలి మీద గెంతడం, గీత తొక్కకుండా ఆగడం, ఒంటికాలి మీదే వంగి పెంకు తీయడం, మళ్లీ గెంతడం. ఫిజియోథెరపిస్టు కాగితం మీద రాసిచ్చిన మెట్లన్నీ ఆ ఆటలో ఉన్నాయి. ఆకాశం చూస్తూ, కాలి కింద గీత ఉందో లేదో ఊహించి అడుగు వేసే ఘట్టం కూడా ఉంది, కంటి సాయం లేకుండా కాలిని నమ్ముకోవడమే అది. మా తరం ఆడపిల్లలు సాయంత్రాలు వాకిట్లో చేసినది ఇదే. మా మేనకోడలికి వాకిలి లేదు, సిమెంటు బాట, బండ్లు. పెంకు ఎలా విసరాలో కూడా తెలియదు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని గడులు గీయించింది, పెంకు విసిరి చూపించింది. గెంతలేదు గనుక గోడ పట్టుకుని, ఎక్కడ ఆగాలో నోటితో చెప్పింది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఇంకా ఎన్నో గుర్తొచ్చాయి. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచి తరంగం ఆడే కూచిపూడి నర్తకి. నెత్తిన బోనం, చేయి పట్టకుండా గుడి మెట్లు ఎక్కే మా ఏడుపాయల జాతర ఆడవాళ్లు. మోకు నడుముకు వేసుకుని తాటిచెట్టు ఎక్కే గౌడన్న. దొమ్మరాటలో తాడు మీద నడిచే పిల్ల చేతిలోని పొడుగాటి వెదురు. ఆ వెదురు అలంకారం కాదు, అది ఉన్నందువల్లే ఒళ్లు ఒక పక్కకు వాలడం నెమ్మదించి, సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. భువనగిరి ఏకశిల మీద సాధన మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచిన నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. మా మేనకోడలి ఈడే. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ పోటీల్లో వాల్ట్ అంశంలో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు అమ్మాయి బుడ్డా అరుణారెడ్డిని తలచుకోండి. గాలిలో ఎన్ని మలుపులు తిరిగినా, దిగినప్పుడు ఒక్క అడుగు తూలితే మార్కులు పోతాయి. వీళ్లంతా పుట్టుకతో గట్టి కాళ్లు తెచ్చుకున్నవాళ్లని నేను అనుకునేవాణ్ణి. ఎవరూ చూడని గంటల్లో నిలబడడం నేర్చుకున్నవాళ్లని ఇప్పుడు అనుకుంటున్నాను.

నవంబరులో బడికి వెళ్లి వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కలిశాను. కోపంతోనే వెళ్లానని ఒప్పుకుంటాను. వెళ్లి చూస్తే ఆయన ఒక్కడే, పిల్లలు నాలుగు వందల పైచిలుకు. బంతులకు గాలి కొట్టుకుంటూ కూర్చున్నాడు. నా కాగితాలు చూపించి, దర్వాజా గీతల సంగతి, ఆరు సెంటీమీటర్ల సంగతి చెప్పాను. ఓపికగా విన్నాడు. మరుసటి వారం జట్టులోని అమ్మాయిలందరినీ వరుసగా నిలబెట్టి కళ్లు మూయించి ఒంటికాలి నిలువు చేయించాడట. అందులో ఇద్దరు మా పిల్లకన్నా ఎక్కువ తూలారు. ఆ ఇద్దరూ జట్టులో మంచి ఆటగత్తెలు. వాళ్లలో ఒకరికి చీలమండ రెండుసార్లు బెణికి ఉంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే తీసేస్తారని. తరువాత ఆయనే నాకు ఫోను చేసి ఈ మాట చెప్పి, "మాకు కూడా చెప్పినోళ్లు లేరు సార్" అన్నాడు. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాకు చింతపండు పట్టు వేసిన అమ్మకు గాని, నన్ను తిరుగలి పిడి అన్నవాళ్లకు గాని ఎవరు చెప్పారు?

సంక్రాంతికి మళ్లీ కొలతలు తీశాం. వాకిట్లో నిజమైన ముగ్గు ఉంది గనుక మా మూడు గీతలను అరుగు మీదికి మార్చాం. ఆరు సెంటీమీటర్ల తేడా రెండయింది. బొంత మీద ఎడమకాలి నిలువులో తప్పులు పది నుంచి నాలుగుకు దిగాయి. ఇందులో అభ్యాసం వల్ల ఎంత, ఒళ్లు తనంతట తాను కుదురుకున్నందువల్ల ఎంత అంటే చెప్పలేను. ఒక్క పిల్ల మీద చేసిన లెక్కకు అంత శక్తి ఉండదు.

మళ్లీ జట్టులోకి తీసుకున్నారు గాని, మండల పోటీలకు వెళ్లిన జట్టులో మా అమ్మాయి అదనపు ఆటగత్తె మాత్రమే. నేను చూడడానికి వెళ్లిన ఆటలో చివరి నాలుగు నిమిషాలు పంపారు. రెండు రైడ్లు చేసింది. మొదటిదానిలో ఉత్తచేతులతో తిరిగివచ్చింది. రెండోదానిలో ఎడమకాలి మీద నిలిచి కుడిపాదం బోనస్ గీత అవతల ఆనించింది. ఒక్క లిప్త ఊగింది. నేను కూర్చున్న చోట నా చీలమండ బిగుసుకుంది. తూలలేదు. వెనక పాదం గాలిలో నిలిచింది, రెఫరీ బొటనవేలు ఎత్తాడు. జట్టు ఓడిపోయింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ ఓటమి గురించే మాట్లాడింది, తన పాయింటు ఊసే ఎత్తలేదు.

ఇంటిదగ్గర ఇప్పుడు సాయంత్రం పూట ముగ్గురు నిలబడుతున్నారట. పిల్ల కళ్లు మూసుకుని బొంత మీద, చెల్లె కళ్లు తెరిచి నేల మీద, అమ్మ గోడకు అరచేయి ఆనించి, మడమ కొద్దిగా లేపి. ముసలితనంలో పడితే తుంటి విరుగుతుందని భయపెట్టి మనవరాలే అమ్మ చేత చేయిస్తోంది. నేను కూడా ఇక్కడ రాత్రి పళ్లు తోముకునేటప్పుడు నా పాత ఎడమకాలి మీద నిలబడుతున్నాను. కళ్లు మూసుకుంటే మొదట మూడు సెకన్లు. నిన్నటికి పదకొండు.

మీ ఇంట్లో ఎదిగే పిల్లలుంటే ఒకసారి నిలబెట్టి చూడండి, పక్కన మీరుండి. నిరుడు పడని పిల్లలు ఈ ఏడు పడుతుంటే, తిట్టేముందు దర్వాజా గీత చూడండి. మీ వైపు ఒంటికాలి ఆటలు ఇంకేమైనా ఉంటే వ్యాఖ్యల్లో రాయండి. తొక్కుడుబిళ్ల మా అమ్మాయికి అప్పుడే పాతబడుతోంది.